ఊద్ మీద ఉక్రెయిన్ పాట, నేను కత్తిరించిన పదకొండు ఖాళీలు

ముప్పై నాలుగో ఏట నేను రిటైరయ్యాను. వీడ్కోలు సభ జరగలేదు, ఎవరూ శాలువా కప్పలేదు. మా ముదీర్, అంటే బాసు, ఖాదర్ భాయ్ ఒక మధ్యాహ్నం నన్ను గదిలోకి పిలిచి ఫోన్‌లో నాలుగు మాటలు టైపు చేశాడు. టీ కప్పు కింద పెట్టేలోగా పాట వాయిద్యాలతో సహా తయారై వచ్చింది. "సూస్తివా" అన్నాడు. చూశాను. నా వృత్తి జీవితం అక్కడితో ఖలాస్. ఇప్పుడు అబూదాబి పక్కన ముసఫ్ఫాలో ఒక కంపెనీలో మళ్ళీ ఏసీ డక్టులు గీస్తున్నాను. డక్టు మరీ విషాదంగా ఉంది, కాస్త హుషారుగా మార్చండి అని ఇంతవరకు ఏ క్లయింటూ అడగలేదు.

అంతకుముందు అయిదేళ్ళు దుబాయ్ అల్ ఖూజ్‌లో, టైర్ల గోడౌనుకీ బిస్కట్ల గోడౌనుకీ మధ్య ఉన్న ఒక షెడ్డులో పనిచేశాను. గొంతుతో పాడే పాటను విని, ఏ వాయిద్యం ఏ స్వరాన్ని ఎప్పుడు పలకాలో కాగితం మీద రాయడం నా పని. దాన్ని అరేంజింగ్ అంటారు. అందులో నాకు దక్కిన ప్రత్యేకత ఇంకెవరూ పోటీకి రానిది. ఉక్రెయిన్ పల్లెపాటలను తీగ మీటి వాయించే వాయిద్యాలకు, అంటే ఊద్, మాండలిన్, గిటార్‌లకు రాసేవాణ్ణి. ఊద్ అంటే బేరిపండును నిలువునా కోసినట్టుండే అరబ్బు వాయిద్యం, యూరప్ వాళ్ళ లూట్‌కు తాత. నెల్లూరు వాడు దుబాయ్‌లో కూర్చుని ఇరాక్ వాడి చేత ఉక్రెయిన్ పాట వాయించడమేమిటని ఇంట్లో అడిగారు. జవాబు ఇంకా తయారవుతోంది.

ఈ పనిలోకి దిగుతామని ఈమధ్య ఇద్దరు ముగ్గురు కుర్రాళ్ళు నాకు మెసేజీలు పెట్టారు. ఫోనే చేసిపెట్టే పనిని మనిషి ఎందుకు నేర్చుకోవాలో వాళ్ళు ఆలోచించినట్టు లేరు. అది వాళ్ళ ధైర్యం. వీసా, జీతం, ప్రమోషన్ల సంగతులు వాళ్ళకు వేరే వాళ్ళు చెబుతారు. అందులో సగం అబద్ధమైనా వినసొంపుగా ఉంటుంది. నేను పని సంగతి మాత్రం చెబుతాను.

అర్హతలు

2020లో కరోనాకు భవనాల సైట్లు మూతపడి, డక్టులు గీసే ఉద్యోగం పోయినప్పుడు నేను అజ్మాన్‌లో మరో ముగ్గురితో కలిసి ఒక గదిలో ఉండేవాణ్ణి. మెకానికల్ ఇంజనీరింగ్ చదివాను, చిన్నప్పుడు ఎనిమిదేళ్ళు మాండలిన్ మీద కర్ణాటక సంగీతం నేర్చుకున్నాను. ఈ రెండిటికీ ఏదో ఒక రోజు కలిపి విలువ వస్తుందని ఎవరైనా అని ఉంటే నవ్వేవాణ్ణి.

ఖాదర్ భాయ్‌ది ప్రొద్దుటూరు. హోటళ్ళ లాబీల్లో వాయించే కళాకారులను సరఫరా చేసే కంపెనీ ఆయనది. హోటళ్ళు మూసేశారు కాబట్టి పాటలు రికార్డు చేసి పంపే పని మొదలుపెట్టాడు. దానికి కంప్యూటరూ స్వరాలూ రెండూ తెలిసినవాడు కావాలి. నా దగ్గర లాప్‌టాప్ ఉంది, ఉద్యోగం లేదు. ఇంటర్వ్యూ అంతటితో అయిపోయింది.

2022 తర్వాత దుబాయ్‌కి ఉక్రెయిన్ వాళ్ళు చాలామంది వచ్చారు. ఊళ్ళు వదిలి వచ్చిన మనుషులని అందరూ అనుకున్నారు. ఖాదర్ భాయ్‌కి వాళ్ళు శ్రోతలుగా కనిపించారు.

"ఇంజనీరూ, వాళ్ళ పాటలు మన ఊద్ మీద కొట్టిస్తే ఎట్లుంటాదప్పా?" అన్నాడు.

"ఆ పాటలు మనకు రావు భాయ్."

"అరబ్బు పాటలు నీకు మీ యమ్మ కడుపులోనే వచ్చినాయా? పోయి పని సూడు."

ఆయన గురించి ఒక మంచి మాట ఇక్కడే చెప్పేస్తాను, తర్వాత వీలు పడకపోవచ్చు. తనకు సంగీతం తెలుసని ఆయన ఒక్కరోజు కూడా అనలేదు. ఈ రంగంలో అలాంటి ముదీర్ దొరకడం పూర్వజన్మ సుకృతం. నాకు తర్వాత ఎదురైన మిగతా అందరికీ సంగీతం తెలుసు.

మొదటి పాట

మొదటి పాట వినగానే నా కళ్ళు మెరిశాయి. అందులోని స్వరాలన్నీ మన హేమవతి రాగంలో ఉన్నవే. ఊద్ వాయించే నబీల్ బాగ్దాద్ మనిషి, నా కన్నా ఇరవై ఏళ్ళు పెద్దవాడు. అది హేమవతీ కాదు ఏ వతీ కాదు, మా అరబ్బుల రాగం నక్రీజ్ అన్నాడు. ఖాదర్ భాయ్ విని, ఇది పాత హిందీ సినిమా పాట, నేను ప్రొద్దుటూరు టాకీసులో విన్నాను అన్నాడు. ఎవరి ఆస్తిని వాళ్ళం దక్కించుకుని, మిగిలినదాన్ని ఉక్రెయిన్ వాళ్ళకు వదిలేశాం.

హేమవతి అని తేలాక ఊరుకోవడం నా వల్ల కాలేదు. గమకాలు పెట్టాను. నిలబడాల్సిన స్వరాన్ని ఊపాను, ఊపిన స్వరాన్ని మళ్ళీ ఊపాను. ఒక హోటల్ లాబీలో దాన్ని వాయిస్తుంటే ఒక పెద్దమనిషి దగ్గరికొచ్చి చాలా మర్యాదగా, చాలా బాగుంది, ఏ దేశపు పాట అని అడిగాడు. ఆయనది ఉక్రెయిన్. ఆ పాట ఆయన జిల్లాది.

ఈ సంఘటన నుంచి నేను పాఠం నేర్చుకున్నానని చెప్పుకోవాలని ఉంది. గమకాలు తీసేసిన మాట నిజమే. వాటి బదులు ఏం పెట్టానో కింద రాస్తాను.

ఆ హోటల్ మేనేజరు తర్వాత తన కోరికలను రాసి పంపాడు. పాటలో ఉక్రెయిన్ ఉండాలి గాని యుద్ధం గుర్తుకు రాకూడదు. అరబ్బు వాసన తగలాలి గాని ఊద్ ఎక్కువగా వినపడకూడదు. పల్లెపాటే కావాలి, కాకపోతే తింటున్నవాళ్ళ దృష్టి ప్లేటు మీంచి మళ్ళకూడదు. ఇంజనీరును కాబట్టి మొదటి షరతు నుంచి చివరి షరతు దాకా అన్నిటినీ నెరవేర్చాను. ఆయన ఎంతో సంతోషించాడు. ఆ పాట నాకిప్పుడు ఒక్క ముక్క గుర్తులేదు. వాయించిన వాళ్ళకీ గుర్తులేదు, కనుక్కున్నాను.

తీగ సంగతి

ఈ పనిలో సాంకేతికంగా నేర్చుకోవాల్సింది ఒక్కటే. మీటిన మరుక్షణం నుంచి తీగ శబ్దం చావడం మొదలుపెడుతుంది. పొలంలో పాడే మనిషి ఊపిరి ఉన్నంతసేపూ ఒకే స్వరాన్ని లాగగలదు. ఊద్‌కు ఆ ఊపిరి లేదు. అందుకని కొత్తగా వచ్చినవాడికి ఖాళీ అంటే భయం. దాన్ని నింపుతాడు. మాండలిన్ మీద ఒకే స్వరాన్ని గబగబా మీటిస్తాడు, కింద గిటార్‌తో అల్లిక వేయిస్తాడు, ఊద్ చేత మెట్లు దిగిస్తాడు. మూడేళ్ళు నేను చేసింది ఇదే. డక్టులో సందు ఉంటే గాలి కారుతుందని కాలేజీలో చెప్పారు. పాటలో సందు ఉంటే ఏదో కారిపోతుందని నాకు నేనే చెప్పుకున్నాను. నా స్కోరులో, అంటే స్వరాలు రాసిన కాగితాల్లో, తెల్లగా మిగిలిన చోటు వేలెడు కూడా ఉండేది కాదు. వాటిని చూసి గర్వపడేవాణ్ణి కూడా.

దరీనా పెళ్ళి

ఒకరోజు దరీనా అనే అమ్మాయి మా షెడ్డుకొచ్చింది. పిల్లల బడిలో టీచరు, ఇరవై ఆరేళ్ళుంటాయి. నెలన్నరలో అజ్మాన్‌లో ఆమె పెళ్ళి. వాళ్ళ ఊళ్ళో పెళ్ళికూతురి జడను పాట పాడుతూ విప్పుతారట. కన్నెతనానికి అది వీడ్కోలు. వాళ్ళింట్లో తరాలుగా ఆ పాటను ఇద్దరు ఆడవాళ్ళే పాడతారు. దరీనా అమ్మమ్మ హలీనాది కింది గొంతు, ఆవిడ అక్క మోత్ర్యాది పై గొంతు. ఊళ్ళో ఏ పెళ్ళయినా యాభై ఏళ్ళుగా ఈ అక్కచెల్లెళ్ళు ఇద్దరూ పాడారు. ఇప్పుడు హలీనా మనవరాలి దగ్గర దుబాయ్‌లో ఉంది. మోత్ర్యా ఎనభై దాటిన మనిషి, యుద్ధం వచ్చినా ఊరు కదలలేదు, కదలదు. వీడియో కాల్‌లో కలిసి పాడి చూశారు. ఒకరి గొంతు మరొకరికి చేరేసరికి పాట ఎటో పోతోంది.

అందుకని మోత్ర్యా తన భాగాన్ని ఒక్కతే పాడి ఫోన్‌లో పంపింది. ఆ పై గొంతును ఊద్ మీద వాయిస్తే అమ్మమ్మ తన భాగం తను పాడుతుంది. దరీనా కోరింది అంతే. చివర్లో ఇంకొక మాట అంది.

"జడ విప్పడానికి దువ్వెన చాలు. పాట లేకపోతే ఆ రోజు నా వెనక నిలబడటం అమ్మమ్మ వల్ల కాదు."

ఖాదర్ భాయ్ ఒప్పుకున్నాడు. నేను హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నాను.

రికార్డింగ్ నిండా చెత్త. కోడి కూత, బకెట్టు చప్పుడు, ఎక్కడో తలుపు. అన్నిటికన్నా అధ్వాన్నంగా, ఆవిడ ఒక వరుస పాడి ఆగిపోతోంది. అయిదు సెకన్లు, తొమ్మిది సెకన్లు, మళ్ళీ ఆరు. లెక్కపెడితే పదకొండు ఖాళీలు. పెద్దావిడ, మాటలు మర్చిపోయి గుర్తు తెచ్చుకుంటోంది అనుకున్నాను. జాలి కూడా పడ్డాను. గొంతు లేని చోట్లను కనిపెట్టి కత్తిరించే మీట సాఫ్ట్‌వేర్‌లో ఉంటుంది, నొక్కాను. కోడి, బకెట్టు, పదకొండు ఖాళీలు అన్నీ పోయాయి. మిగిలిన ముక్కలను అతికించి, లయ సరిచేసి, స్వరాలు రాసి, మాండలిన్, గిటార్ జోడించి, ఆ సాయంత్రానికే నబీల్ చేతిలో పెట్టాను. అంత శుభ్రమైన స్కోరు నేను అంతకుముందు రాయలేదు.

రిహార్సల్‌కు హలీనా వచ్చింది. పొట్టి మనిషి, తలకు రుమాలు, చేతిలో మాకోసం ఇంట్లో చేసిన రొట్టె. నబీల్ వాయించడం మొదలుపెట్టాడు. ఆవిడ నోరు తెరిచింది, మూసింది. మళ్ళీ తెరిచింది, మళ్ళీ మూసింది. మూడోసారి డోలు పెట్టె మీద కూర్చుండిపోయి మనవరాలితో ఏదో అంది.

"ఇందులో నాకు చోటు లేదంటోంది" అని దరీనా చెప్పింది.

ఇంజనీరుకు ఇంతకంటే స్పష్టంగా ఎవరూ చెప్పలేరు. చోటు లేదని ఆవిడ అన్నమాట అక్షరాలా నిజం. నాకు మాత్రం, కింది గొంతు రాయలేదని ఫిర్యాదు చేస్తోందని అర్థమైంది. రాసేశాను. పై గొంతు పలికే ప్రతి స్వరం కిందా ఒక స్వరం పెట్టి, అందంగా అచ్చు తీసి, రెండో రిహార్సల్‌లో ఆవిడ చేతికిచ్చాను. ఆవిడకు స్వరలిపి చదవడం రాదు. కాగితాన్ని తిప్పి చూసి, నాలుగు మడతలు పెట్టి సంచిలో దాచుకుని, థాంక్యూ అంది. ఆ రోజంతా ఆవిడ పలికింది ఆ ఒక్క మాటే. దరీనా పట్నంలో పెరిగిన పిల్ల, ఆ పాటను చిన్నప్పుడెప్పుడో విన్నది. తప్పెక్కడుందో ఆమెకూ తెలియలేదు. ఇక హలీనాకు, పాట ఎలా పాడతారో ఒకరికి విప్పి చెప్పాలన్న ఊహే లేదు. అన్నం ఎలా మింగాలో మనం ఎవరికి చెబుతాం.

పెళ్ళి ఎనిమిది రోజులుందనగా దరీనా ఫోన్ చేసింది. అమ్మమ్మ పాడనంటోంది, ఆ సమయానికి పక్క గదిలో కూర్చుంటానంటోంది.

ఖాదర్ భాయ్‌కి పరిష్కారం దొరకడానికి నిమిషం పట్టలేదు. "ముసలామెకు తిప్పలెందుకప్పా. నబీల్ ఒక్కడే కొడతాడు, ఆమె కుర్చీలో కూసుంటాది, ఫోటోలు బాగొస్తాయి. యల్లా, కానీండి."

నబీల్ అడిగిన ప్రశ్న

ఆ మాటకు నబీల్ ఊద్‌ను ఒళ్ళోంచి దించి పక్కన పెట్టాడు. మాకు అతనితో మాటలన్నీ లేబర్ క్యాంపుల హిందీలో, మధ్య మధ్య అరబ్బీ. నన్ను ఎప్పుడూ ముహందిస్ అనే పిలుస్తాడు, అంటే ఇంజనీరు. అందులో గౌరవమెంతో వెక్కిరింతెంతో నేను ఏనాడూ తేల్చుకోలేకపోయాను.

"ముహందిస్, నువ్విచ్చింది కడిగిన పాట. కడగకముందుది ఏది?"

"అందులో అంతా చప్పుళ్ళే. మధ్యలో ఆవిడ మర్చిపోయి ఆగిపోతుంది."

"పెట్టు."

అసలు రికార్డింగ్ పెట్టాను. నబీల్ కళ్ళు మూసుకుని మొదటి ఖాళీ విన్నాడు, రెండోది విన్నాడు. మూడోదాని దగ్గర చెయ్యెత్తి ఆపమన్నాడు. మర్చిపోయిన మనిషి మళ్ళీ అందుకునేటప్పుడు తడుముకుంటుంది, ఈవిడ తడుముకోవడం లేదు, ఎవరో అప్పుడే స్వరం అందించినట్టు సరిగ్గా అందుకుంటోంది అన్నాడు. తర్వాత నాకేసి చూశాడు.

"ఆగిపోవడం కాదు. వింటోంది."

నేను తలెత్తి షెడ్డు ఏసీ వైపు చూశాను. ఆ ఏసీ డక్టు కూడా నేను గీసిందే.

మర్నాడు దరీనాను బతిమాలి హలీనాను పిలిపించాం. ఏమీ చెప్పకుండా అక్క పాడిన రికార్డింగ్‌ను కోడితో, బకెట్టుతో సహా స్పీకర్లో పెట్టాం. మోత్ర్యా మొదటి వరుస పాడి ఆగింది. డోలు పెట్టె మీద కూర్చున్న హలీనా, తల కూడా ఎత్తకుండా, ఎవరో పిలిస్తే పలికినట్టు తన వరుస పాడింది. ఆవిడ ముగించిన క్షణానికి స్పీకర్లోంచి అక్క అందుకుంది. అయిదు సెకన్ల ఖాళీలో అయిదు సెకన్ల వరుస, తొమ్మిదిలో తొమ్మిది. వేల మైళ్ళ అవతల వంటింట్లో ఒక్కతే కూర్చుని ఎనభై ఏళ్ళ మనిషి, తన చెల్లెలు ఎక్కడ ఎంత ఊపిరి తీస్తుందో మనసులో వింటూ ఆగింది. పదకొండుసార్లు ఆగింది. నేను పదకొండుసార్లు చెల్లెలి గొంతు నొక్కాను, ఒకే ఒక్క మీటతో.

మిగిలిన వారంలో నేను చేసిన పని చెరపడం. మాండలిన్ తీసేశాను. గిటార్ తీసేశాను. ఊద్ మీద ఒక వరుస పలికించి, ఆ శబ్దం దానంతటది చచ్చిపోయాక, నబీల్ చేతులు తీసి కూర్చోవాలి. స్కోరు మీద ఎక్కువ భాగం తెల్లకాగితమే. ఖాదర్ భాయ్ దాన్ని వెలుతురులోకి పట్టుకుని చూశాడు.

"ముగ్గురిని తోలుకోని పోయి ఒకన్నే కొట్టిస్తావా? వాడు గూడా సగంసేపు ఊరికే కూసుంటాడా?"

"అవును భాయ్."

"దీన్ని రాసేదానికి నీకు వారం పట్టిందా?"

"మూడేళ్ళు పట్టింది భాయ్."

కుర్రాళ్ళు రాసుకోవాల్సిన మాట ఏదైనా ఉంటే అది ఇక్కడుంది. ఎవరైనా మీకు ఒక గొంతు తెచ్చిస్తే, కత్తెర తీసే ముందు, అది ఎవరితో మాట్లాడుతోందో అడగండి. నేను అడగలేదు. నాకు కత్తిరించడం బాగా వచ్చు కాబట్టి కత్తిరించాను.

అజ్మాన్‌లో

పెళ్ళి సముద్రం ఒడ్డున ఒక చిన్న హోటల్ హాల్లో జరిగింది. దరీనా కుర్చీలో కూర్చుంది. హలీనా వెనక నిలబడి జడ చేతిలోకి తీసుకుంది. నబీల్ మోత్ర్యా మొదటి వరుసను పలికించి, ఊద్ పొట్ట మీద అరచెయ్యి పెట్టి ఆగాడు.

హలీనా పాడలేదు.

ఖాళీ సాగింది. అయిదు సెకన్లు దాటింది, పది దాటింది. అతిథుల్లో ఒకరు దగ్గారు. గుమ్మం దగ్గర నుంచి ఖాదర్ భాయ్ నబీల్‌కు కానీ కానీ అని సైగ చేస్తున్నాడు. నబీల్ కదల్లేదు. పెద్దవాళ్ళు మాట్లాడేదాకా ఆగే మనిషిలా, తల కొంచెం వంచి కూర్చున్నాడు. అప్పుడు హలీనా అందుకుంది. ముదురు గొంతు, కొద్దిగా బొంగురు. జడలో మొదటి పాయ విడిపోయింది.

అక్కడి నుంచి ఊద్ అడగడం, ఆవిడ జవాబు చెప్పడం. మూడో చరణం దగ్గర జుట్టు చిక్కుపడి ఆవిడ వేళ్ళు ఆగాయి, వాటితో పాటు పాటా ఆగింది. ఈసారి ఖాదర్ భాయ్ కాదు, గోడ పక్క నిలబడ్డ నేనే చెయ్యి ఊపాను. నబీల్ నా చెయ్యి చూసి అందుకున్నాడు. ఆవిడ వరుస చివరి మాట ఊద్ శబ్దం కింద నలిగిపోయింది. ఎవరూ గమనించలేదు. పాట సాగింది, జడ పూర్తిగా విడిపోయింది. ఆఖరి వరుస ఆవిడ ఒక్కతే పాడింది. దరీనా ఏడ్చింది. హలీనా ఏడవలేదు, మనవరాలి జుట్టును భుజాల మీద పరిచి దువ్వుతూ నిలబడింది.

దరీనా ఆ వీడియోను మోత్ర్యాకు పంపింది. వాళ్ళ ఊళ్ళో కరెంటు లేక రెండు రోజుల తర్వాత గాని జవాబు రాలేదు. వచ్చాక ఆ గొంతు రికార్డును దరీనా నాకు పంపి, కింద ఇంగ్లీషులో అర్థం రాసింది. వాయించిందెవరని ఆవిడ అడగలేదు. ఆ వాయిద్యమేమిటని కూడా అడగలేదు. చెల్లెలు బాగా పాడిందట. మూడో చరణంలో మాత్రం అక్క తనే తొందరపడిందట, చెల్లెలిని మాట ముగించనివ్వలేదట, ఏమీ అనుకోవద్దని ఆమెకు చెప్పమంది.

నబీల్‌కు వినిపించాను. రెండుసార్లు విని, ఫోన్ నా చేతికి తిరిగిచ్చి, ఊద్ తీగలు శ్రుతి చేసుకోవడం మొదలుపెట్టాడు. తొందరపడింది ఎవరో మా ఇద్దరికీ తెలుసు.